రంగు పోయిన నకలు

2007 జూలై 15, ఆదివారం, ఉదయం పదిన్నర. స్థలం చిక్కబళ్ళాపురంలో మా ఇంటి ముందుగది. హాజరైనవారు: నా భర్త నాగరాజ్, చింతామణిలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో గణితశాస్త్ర అధ్యాపకుడు, ఆయన తల్లి పుట్టమ్మ, ఆయన అక్క రామలక్ష్మమ్మ, ఆ కళాశాల కార్యాలయంలో సూపరింటెండెంటు వెంకటరాయప్ప. ఐదవ మనిషిని నేను, శశికళను. ఆ సమయానికి నేను గదిలో లేను. వంటింట్లో ఉప్పిట్టుకు రవ్వ వేయిస్తున్నాను. అయినా హాజరైనవారిలో నా పేరు కూడా రాసుకుంటున్నాను, ఎందుకంటే ఆ నలుగురూ కూడింది నా సంతకం కోసం.

వెంకటరాయప్ప ఒక ముచ్చళికె తయారుచేసి తెచ్చాడు. మా వైపు కచేరీల్లో, అంటే ఆఫీసుల్లో, మనిషి తన తప్పు ఒప్పుకుంటూ రాసిచ్చే కాగితాన్ని అలా అంటారు. ఇంగ్లీషులో మూడు వాక్యాలు. నా భర్త విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన గ్రంథాన్ని టైపు చేసినది నేనేననీ, గృహిణిని, గణితజ్ఞానం లేనిదానిని అయినందువల్ల నాలుగవ అధ్యాయంలో కొన్ని ముఖ్యమైన వాక్యాలను పొరపాటున వదిలివేశాననీ, ఇందులో నా భర్త తప్పు ఏమీ లేదనీ వాటి సారాంశం. కింద గీత గీసి నా పేరు అచ్చువేశారు. ఆ గీత మీద పేరు రాయడం ఒక్కటే నా పని. రవ్వ దోరగా వేగేలోగా ఆ పని కూడా అయిపోతుందని వాళ్ళు అనుకున్నారు.

ఈ నలుగురిలో ముగ్గురి గురించి సరిగా చెప్పకపోతే తక్కినదేదీ అర్థం కాదు. మా అమ్మ నన్ను తన తమ్ముడికే ఇచ్చింది. మా వైపు ఇళ్ళలో ఇది వింత కాదు. ఆరా తీయనక్కర లేని సంబంధం, తెలిసిన గడప, పిల్ల కళ్ళ ముందర ఉంటుంది అంటారు. ఆ పెళ్ళితో చాకవేలులోని మా అవ్వ పుట్టమ్మ నాకు అత్తగారైంది. చిన్నప్పుడు సైకిలు కమ్మీ మీద కూర్చోబెట్టుకొని నన్ను బాగేపల్లి సంతకు తీసుకుపోయిన మామ నాకు భర్త అయ్యాడు. ఇప్పటికీ ఆయన్ని మామా అనే పిలుస్తాను. నన్ను కన్న రామలక్ష్మమ్మ నాకు ఆడపడుచు అయింది. అందుకే పైన హాజరైనవారిలో ఆమెను ఆయన అక్క అని రాశాను. ఆ రోజు ఆమె వచ్చింది ఆ హోదాలోనే. అత్తింట్లో మాట పడ్డ ఆడది పుట్టింటికి పోయి చెప్పుకుంటుంది. నేను పుట్టింటికి పోతే అక్కడ కూర్చుని ఉండేది నా ఆడపడుచు.

నేను ఎం.ఎస్సి. గణితం చదివాను, 1986లో, మొదటి ర్యాంకులో. మామ అదే విభాగంలో అదే డిగ్రీని ఏడేళ్ళ ముందు రెండవ తరగతిలో పూర్తి చేశాడు. పెళ్ళైన రెండేళ్ళకు బాగేపల్లిలో ఒక కళాశాల నుంచి నాకు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. "ఇద్దరమూ పొద్దున్నే బస్సులు పట్టుకొని పోతే ఇంట్లో ఎవురుంటారు? ఒకే కొంపలో ఇద్దరు మేష్టర్లు ఏమిటికి?" అన్నాడు మామ. కోపంగా కాదు, అన్నంలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నాడు. తర్వాత ఆయన కళాశాల పరీక్షల పేపర్ల కట్టలు ఇంటికి రావడం మొదలైంది. దిద్దేదాన్ని నేను; చివర మార్కుల కింద పొట్టి సంతకం ఆయనది. కష్టమైన పాఠం ఉన్న వారం ఆయన నోట్సు నేను రాసేదాన్ని. "మా సార్ నోట్సు ముత్యాలు" అని పిల్లలు అంటారని ఆయనే వచ్చి నాకు చెప్పేవాడు, ఆ ముత్యాలు ఎవరివో నిజంగానే మరిచిపోయి.

2000లో ఆయన పార్ట్‌టైం పరిశోధనకు పేరు నమోదు చేసుకున్నాడు. డాక్టరేటు లేకపోతే ప్రిన్సిపాల్ పదవి రాదని కొత్త నియమం వచ్చింది. గైడు ఇచ్చిన పదకొండు పరిశోధన పత్రాల కట్టను డైనింగ్ టేబుల్ మీద పెట్టి, "నువ్వు ఖాళీగా ఉండావు గదా, చదివి ఏముండాదో చెప్పు" అన్నాడు. ఆ ఖాళీ ఏ గంటల్లో ఉందో ఆయన అడగలేదు. మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక, పాలవాడు వచ్చేలోగా, రెండు గంటలు. నేను ఆ కట్ట విప్పి చదవడం మొదలుపెట్టాను. మూడవ పుట దగ్గరే నాకు పద్నాలుగేళ్ళుగా మూసి ఉన్న కిటికీ ఒకటి తెరుచుకున్నట్టయింది.

అంశం పరిమిత ప్రక్షేప తలాలు. లెక్కపెట్టగలిగినన్ని బిందువులు, అన్నే రేఖలు ఉన్న చిన్న లోకాలవి. నియమాలు రెండే. ఏ రెండు బిందువులను తీసుకున్నా వాటిని కలిపే రేఖ ఒకే ఒకటి ఉంటుంది. ఏ రెండు రేఖలను తీసుకున్నా అవి ఒకే ఒక బిందువు వద్ద కలుస్తాయి. అన్నిటికంటే చిన్న లోకంలో ఏడు బిందువులు, ఏడు రేఖలు. ఆ లోకాన్ని ఏమీ చెడకుండా ఎన్ని విధాలుగా తిరగమార్చి అమర్చవచ్చు అన్నది ప్రశ్న. ఆ అమరికలనే సౌష్ఠవాలు అంటారు. దానికి గ్రాఫ్ గీయడం ఒక మార్గం. ప్రతి బిందువుకూ ఒక చిన్న వలయం, ప్రతి రేఖకూ ఒక వలయం గీసి, ఫలానా బిందువు ఫలానా రేఖ మీద ఉంటే ఆ రెండు వలయాలనూ ఒక గీతతో కలపాలి. ఇక బిందువులూ రేఖలూ అక్కరలేదు. వలయాలు, వాటి మధ్య బంధాలు చూస్తే చాలు. ఏ బంధమూ తెగకుండా వలయాలు ఎన్ని విధాలుగా చోట్లు మార్చుకోగలవో లెక్కించాలి.

ఏ ఇద్దరి మధ్యా ఒకే ఒక రేఖ! మొదటిసారి ఆ నియమం చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. మా ఇంట్లో ఏ ఇద్దరి మధ్య చూసినా రెండు రేఖలు. ఆ రెంటిలో ఏ సమయానికి ఏది పనికొస్తుందో తేల్చేది ఎప్పుడూ నేను కాదు.

పాత క్యాలెండర్ల వెనకవైపు గీసేదాన్ని. ఒకటి చాలకపోతే మైదా పిండి ఉడికించి నాలుగైదు అతికించేదాన్ని. బిందువుల వలయాలకు పసుపు స్కెచ్ పెన్ను, రేఖల వలయాలకు ఎరుపు. ఒక్కొక్క రేఖ మీద పదేసి బిందువులుండే తలానికి తొంభై ఒక్క పసుపు, తొంభై ఒక్క ఎరుపు, మొత్తం నూట ఎనభై రెండు వలయాలు. అది నేల మీద పరిస్తే వంటింటి గడప నుంచి బీరువా దాకా వచ్చేది. 2004 చలికాలంలో, చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉండగా, నాకు ఒక పద్ధతి తట్టింది. ఒక పసుపు వలయాన్నీ, దానితో బంధం ఉన్న ఒక ఎరుపు వలయాన్నీ కదలకుండా పట్టుకుంటే మిగతావి ఎన్ని విధాలుగా కదలగలవో, పెద్ద గ్రాఫుల్లో కూడా, తొందరగా తేల్చే పద్ధతి. ఏడు బిందువుల లోకంలో అటువంటి జంటలు ఇరవై ఒకటి, ఒక్కొక్క జంటకు ఎనిమిది అమరికలు. మొత్తం నూట అరవై ఎనిమిది. అది అందరికీ తెలిసిన సంఖ్యే. దానితో సరిచూసుకొని పెద్దవాటికి పోయాను. ప్రపంచాన్ని మార్చే పని కాదు. కానీ అంతకుముందు ఎవరూ చేయని పని, నేను చేసిన పని. నోటుబుక్కులో ఆ పుట పైన రెండుసార్లు గీత గీసి రాసుకున్నాను: పసుపు పసుపులోకే పోవాలి, ఎరుపు ఎరుపులోకే.

ఆ రోజుల్లో మామ కళాశాల నుంచి వచ్చి, కాఫీ లోటా పట్టుకొని మంచం అంచున కూర్చుని, "చెప్పు, చూస్తాం" అనేవాడు. నేను క్యాలెండరు పరిచి చెప్పేదాన్ని. ఆయన తల ఊపేవాడు. "ఊఁ, ఆమీద?" అని తర్వాతిది అడిగేవాడు. రోజుకు అరగంట. ఇరవై ఏళ్ళ దాంపత్యంలో నాకు నచ్చినది ఆ అరగంట ఒక్కటే అని చెప్పడానికి సిగ్గుపడను. మా కూతురు వీణ పుట్టినప్పుడు కూడా ఆయన అంత శ్రద్ధగా నా మాట వినలేదు. గ్రంథం మీద ఆయన పేరు ఉంటుందని నాకు తెలుసు. అయినా ఇది ఇద్దరి పని, ఇద్దరికీ తెలిసిన సంగతి, కాగితం మీద ఒక పేరు ఉంటే ఏం అనుకున్నాను. ఆ నమ్మకంతో మూడు అధ్యాయాలు నేనే టైపు చేశాను.

నాలుగవ అధ్యాయం టైపు చేయవలసిన రోజుల్లో, 2006 జూన్‌లో, చాకవేలులో అవ్వ పశువుల కొట్టంలో జారిపడి తుంటి విరిగింది. ఎవరు పోయి చేయాలన్న ప్రశ్న వచ్చింది. మా అమ్మ మోకాళ్ళు పట్టుకొని కూర్చుంది. "నాకు అమ్మే, కాదనను. కానీ నీకు అత్త కదే. అత్తకు చెయ్యాల్సింది కోడలు" అంది. రెండు రేఖలున్నాయన్నాను కదా. రెండున్నర నెలలు చాకవేలులో ఉన్నాను. మంచం మీదే అన్నీ. ఒకనాడు మామ ఫోను చేసి, "ఆ లెక్కల నోటుబుక్కు యాడ పెట్టినావు?" అన్నాడు. బీరువా కింది అరలో, క్యాలెండర్లు కూడా అక్కడే, నేను వచ్చాక టైపు చేస్తాను అన్నాను. "సరేలే, అమ్మను చూసుకో" అన్నాడు.

గడువు ఆగస్టు ఆఖరు. ఆయన నాకోసం ఆగలేదు. నోటుబుక్కూ క్యాలెండర్లూ చింతామణిలో జిరాక్సు అంగడికి తీసుకుపోయాడు. అతికించిన కాగితాలు యంత్రంలో పట్టకపోతే కత్తెరతో ముక్కలు చేయించాడు. నకళ్ళు పక్కనున్న డీటీపీ కేంద్రంలో ఇచ్చాడు. అసలు ముక్కలూ నోటుబుక్కూ అక్కడే మరిచిపోయాడు, నెల తర్వాత అడిగితే చెత్తలో పోయాయన్నారు. ఇవన్నీ తర్వాత ఒక్కొక్కటిగా తెలిశాయి. ఆ రోజుల్లో మా ఊళ్ళ జిరాక్సులకు తెలిసింది నలుపూ తెలుపూ మాత్రమే. నకలులో పసుపు వలయమూ ఎరుపు వలయమూ ఒకే నల్ల సున్న. డీటీపీ పిల్ల "సార్, ఈ పసుపు, ఎరుపు అనేది ఏంది, బొమ్మలో అట్లాంటిది లేదే?" అని అడిగిందట. ఆయన ఆ వాక్యాలు కొట్టేయించాడు.

రంగు పోతే ఏమవుతుంది? బంధంలో ఉన్న జంటలో ఏది బిందువో ఏది రేఖో గ్రాఫుకు తెలియదు. ప్రతి జంటనూ ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి లెక్కపెట్టవలసి వస్తుంది. ఇరవై ఒక్క జంటలు నలభై రెండవుతాయి. నూట అరవై ఎనిమిది మూడు వందల ముప్ఫై ఆరవుతుంది. బిందువులు రేఖలుగా, రేఖలు బిందువులుగా మారిపోయే అమరికలు కూడా లెక్కలోకి చొరబడతాయి. ఆ సంఖ్య గ్రంథంలో నూట పన్నెండవ పుటలో, నా భర్త పేరుతో, అందంగా అచ్చయింది. ముందుమాట చివర ఒక వాక్యం ఉంది: ఓపికతో టైపు చేసి, వేళకు కాఫీ అందించిన నా అర్ధాంగికి కృతజ్ఞతలు.

గత నెలలో పరీక్షకుడి నివేదిక వచ్చింది. నాకు ఎవరూ చూపించలేదు. ఆయన సంచిలో నుంచి టిఫిన్ డబ్బా తీస్తుంటే చేతికి తగిలింది. మూడు పుటలు. రెండవ పుటలో, రచయితకు బిందువుకూ రేఖకూ తేడా తెలిసినట్టు లేదు అని ఉంది. మూడవ పుటలో ఇంకొక మాట ఉంది. ఈ పద్ధతి చాలా చక్కనిది, దీన్ని కనుగొన్న వ్యక్తే ఇటువంటి పొరపాటు చేశారంటే నమ్మడం కష్టం. కనుక రచయిత సంజాయిషీ ఇచ్చి, మొదటి చేతిరాత కాగితాలు పంపవలసింది. డబ్బా కడగడం మరిచి అక్కడే నేల మీద కూర్చున్నాను. ముఖం తెలియని ఒక మనిషి, ఏ ఊళ్ళో ఉన్నాడో, తప్పుల చెత్త కింద నుంచి నా పనిని గుర్తుపట్టాడు. నన్ను కాదు, నా పనిని. ఇరవై ఏళ్ళలో ఆ మాట అన్నవాడు అతనొక్కడే, అదీ నాకు చెప్పాలని కాదు.

ఉప్పిట్టు పళ్ళాలు తీసుకొని ముందుగదిలోకి వెళ్ళాను.

"ఇట్ల కూచో శశీ" అన్నాడు మామ. ఆ గదిలో నన్ను కూర్చోమనడం అరుదు. "వెంకటరాయప్ప అంతా సిద్ధం చేసుకొని వచ్చినాడు. ఒక సహి చేస్తే అయిపాయ."

"మూడే లైన్లమ్మా. ఏమీ భయపడేది లేదు" అన్నాడు వెంకటరాయప్ప. "మిమ్మల్ని ఎవురూ కచేరికి పిలిచేది లేదు. చేతిరాత కాగితాలు కూడా మీరే పొరపాటున పారేసినారని కింద ఒక మాట కలుపుతాం. ఇంట్లో ఆడోళ్ళు చేసిందంటే వాళ్ళూ అర్థం చేసుకుంటారు. వాళ్ళకూ ఇండ్లు ఉంటాయి కదా!" ఆయన నవ్వాడు. మామ కూడా నవ్వాడు.

"చదవనా?"

"ఇంగ్లీషులో ఉండాదమ్మా. సార్ అర్థం చెప్తారు."

వెంకటరాయప్పకు నేను పదిహేనేళ్ళుగా తెలుసు. చదివాను. రెండవ వాక్యం మధ్యలో వేలు పెట్టి, "గణితజ్ఞానం లేనిదానిని అని ఎవరు రాసినారు?" అన్నాను.

"నేనేనమ్మా. సార్ చూసి సరే అన్నారు."

"నాలుగో అధ్యాయం టైపు చేసింది నేను కాదు. నేను అప్పుడు ఊళ్ళోనే లేను. అవ్వ దగ్గర ఉన్నాను. అది పోనీ. ఈ మాటొక్కటి తీసేయండి."

"తీస్తే ఎట్లమ్మా?" వెంకటరాయప్ప చెంచా పళ్ళెంలో పెట్టాడు. "కారణం అదే కదా. లెక్కలు తెలిసినామె టైపు చేసింటే తప్పు ఎట్ల వచ్చె అని అడుగుతారు. ఉప్పిట్టు బాగుండాదమ్మా, కరివేపాకు మీ ఇంట్లోదేనా?"

"కాగితంలో రాసినంత మాత్రాన నీ చదువు యాడికి పోతాది?" అన్నాడు మామ. "అది నీ దగ్గరే ఉంటాది. నాకు తెల్దా, నీకు తెల్దా?"

"వానికి వచ్చే ఏడు ప్రిన్సిపాల్ ఇస్తారంటే ఇప్పుడు ఈ అడ్డం వచ్చింది" అంది మా అమ్మ. "నిన్ను వానికి ఏమిటికి ఇచ్చినాననుకున్నావు? కండ్ల ముందర ఉంటావనే కదా. వాని మానం పోతే నీది మిగుల్తుందా, నాది మిగుల్తుందా?"

అవ్వ గోడకు ఆనుకొని, కర్ర పక్కన పెట్టుకొని కూర్చుంది. "వారం దినాలుగా వాడు సరిగ్గా తింటా లేడే. ఒక గీత గీస్తే ఏమైతాది? నేను ఎన్ని కాగితాలకు బొటనవేలు పెట్టలే! మీ తాత ముందర, వీని ముందర. ఏముండాదో ఒక్కరన్నా చదివి చెప్పినారా? నేను అడిగినానా?" ఆ మాటల్లో ఫిర్యాదు లేదు. అదే నన్ను భయపెట్టింది. ఆమె గర్వంగా చెప్పింది.

నేను పెన్ను తీసుకున్నాను. నిజం రాయాలి కనుక రాస్తున్నాను, సంతకం చేయాలనే తీసుకున్నాను. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది ముత్యాల నోట్సూ కాదు, బాగేపల్లి ఉద్యోగమూ కాదు, మంచం అంచున కాఫీ లోటా, "ఊఁ, ఆమీద?" అన్న గొంతు. ఈ లోకంలో నా లెక్కను నాతో పాటు తెలిసినవాడు ఈయన ఒక్కడు, ఆయన కూడా పోతే ఆ లెక్క ఇంకెవరిది అనిపించింది. నాకు గణితం రాదని ఊరంతా అనుకోనీ, ఈయనకు తెలుసు, చాలు అనుకున్నాను. ఒక ఆడది ఎంత తక్కువతో సర్దుకోగలదో నాకు నేనే అప్పుడు చూశాను.

నా చేతిలో పెన్ను చూసి మామ ముఖం తేటపడింది. సంచిలో నుంచి ఒక నకలు తీసి నా ముందు పరిచాడు. ఏడు బిందువుల లోకపు గ్రాఫ్, అన్నిటికంటే చిన్నది. పద్నాలుగు నల్ల సున్నలు, ఇరవై ఒక్క గీతలు.

"సహి అయినాక ఆ చాప్టరు కూడా సరిచేసి ఇచ్చేయ్, బుధవారం లోపల. ఇందులో అంతా నల్లగానే పడింది చూడు. యావి పసుపు, యావి ఎరుపు, నీకు జ్ఞాపకం ఉండాదా?"

పెన్ను ఆగిపోయింది.

జ్ఞాపకం! ఆ పద్నాలుగింటిలో ఏదో ఒకదాన్ని పట్టుకొని పసుపు అనుకోవాలి. దానితో బంధం ఉన్న మూడూ ఎరుపు. వాటితో బంధం ఉన్నవన్నీ మళ్ళీ పసుపు. బిందువుకు బిందువుతో బంధం ఉండదు, రేఖకు రేఖతో ఉండదు. ఆ గ్రాఫ్ తయారైందే ఆ విధంగా. ఎక్కడ మొదలుపెట్టినా రెండు నిమిషాల్లో రంగులు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. అది నాలుగవ అధ్యాయం కాదు. మొదటి అధ్యాయం మొదటి పుట. ఆరేళ్ళ కిందట ఆ మంచం అంచున నేను ఆయనకు చెప్పిన మొట్టమొదటి సంగతి.

నేను ఇంకొక అవకాశం ఇచ్చాను. ఆయనకు కాదు, నాకు. "జ్ఞాపకం పెట్టుకునే పని లేదు మామా. ఇదుగో, ఈ సున్న పసుపు అనుకో. తర్వాత ఏది?"

ఆయన నకలును తిప్పి చూశాడు. తలకిందులు చేసి చూశాడు. యాభై ఏళ్ళ మనిషి, రేపు కళాశాలకు అధిపతి కాబోయేవాడు, కంటిచూపు తక్కువైనట్టు కాగితాన్ని దగ్గరికి తెచ్చుకున్నాడు. చివరకు విసుగ్గా, "తర్వాత ఏముండాది? నువ్వు చెప్తే కదా తెలిసేది!" అన్నాడు.

అయితే ఆరేళ్ళు ఆ అరగంటల్లో ఆయన విన్నది ఏమిటి? ఏమీ లేదు. కాఫీ చల్లారేదాకా కూర్చున్నాడు. నేను ఇద్దరి పని అనుకున్న చోట మొదటినుంచీ ఒక్కరే ఉన్నారు. ఆశ్చర్యంగా, ఏడుపు రాలేదు. తప్పు కూడిక ఎక్కడ జరిగిందో దొరికినప్పుడు వచ్చే చల్లదనం లాంటిది వచ్చింది.

ముచ్చళికెను పక్కకు జరిపాను. వెంకటరాయప్ప తెచ్చుకున్న రాత అట్ట కింద ఉన్న తెల్లకాగితాల్లో ఒకటి లాక్కొని రాయడం మొదలుపెట్టాను.

"ఒక సహికి ఇంతసేపా?" అంది మా అమ్మ.

వెంకటరాయప్ప అవతలివైపు నుంచే అక్షరాలు చదువుతున్నాడు. కచేరీలో అలవాటైన చూపు. మూడవ వరుస దగ్గర ఆయన నమలడం ఆపాడు. "సార్... మేడం వేరే ఏదో రాస్తాండారు. రిజిస్ట్రారుకు."

మామ లేచి వచ్చి నా భుజం మీదుగా చూశాడు. "శశీ. ఇది పోయి చేరిందంటే నేను ముగిసిపోయినట్టే."

"పరీక్షకుడు అడిగింది అదే కదా మామా. రాసినవాళ్ళు సంజాయిషీ ఇవ్వమన్నాడు. నేను ఇస్తున్నాను."

"మనిషివేనా నువ్వు? మొగునికి చేసే పనేనా ఇది?" అంది అవ్వ.

మా అమ్మ ఏడుస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అంది: "నువ్వు ఇది పంపినావంటే ఈ గడప నాకు తెగిపోతాది. నాకు ఇంక పుట్టిల్లంటూ ఉండదు."

నేను రాయడం ఆపలేదు. "నాకు ఎప్పుడుండాది, వదినా?"

ఇరవై ఏళ్ళలో ఆమెను నేను ఆ వరుస పెట్టి పిలవలేదు. అవ్వ కర్ర నేల మీదికి జారింది, ఎవరూ తీయలేదు. నేనూ తీయలేదు.

నేను రాసినది ఏడు వాక్యాలు. నాలుగవ అధ్యాయంలోని పద్ధతి నాది, 2004లో నేను కనుగొన్నది. అందులో వచ్చిన తప్పు నాది కాదు. రంగులతో గుర్తించిన గ్రాఫులను నలుపుతెలుపుల్లో నకలు తీసి, రంగుల గురించి ఉన్న వాక్యాలను తొలగించడం వల్ల అది వచ్చింది. అసలు కాగితాలు నా వద్ద లేవు, వాటిని పారవేసినది నేను కాదు. చేతిరాతకు బదులు నన్నే పిలిపించవలసిందిగా కోరుతున్నాను. బోర్డు ముందు నిలబడి ఆ అధ్యాయాన్ని మొదటినుంచి చివరిదాకా చేసి చూపించగలను. ఇందులో ఎవరి మాట నమ్మాలో తెలియకపోతే, మా ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడగండి.

ఒకసారి చదువుకున్నాను. రెండవ వాక్యంలో ఒక కామా దిద్దాను. కింద తేదీ వేసి, పూర్తి పేరు రాసి, దాని పక్కన ఎం.ఎస్సి. అని రాసి, సంతకం చేశాను. సిరా ఆరేదాకా ఆగి, కాగితాన్ని మూడు మడతలు పెట్టి, నా సంచి లోపలి అరలో పెట్టి జిప్పు లాగాను.